మాటకు కొత్త బాట

దూరాన ఉన్నవారికి మాట చేరవేయాలన్న కోరిక మానవునికి అనాదిగా ఉన్నది. నలదమయంతుల నడుమ రాయబారం నడిపిన హంస, కాళిదాసు యక్షుని సందేశం మోసిన మేఘం, రుక్మిణి విన్నపాన్ని ద్వారకకు చేర్చిన అగ్నిద్యోతనుడు ఆ కోరికకే వివిధ రూపాలు. అయితే కావ్యాలలోని దూతలు సందేశాన్ని మోశారే గాని, పలికినవారి కంఠస్వరాన్ని మోయలేదు. ఆ పని 1876లో అలెగ్జాండర్ గ్రాహంబెల్ టెలిఫోనుతో సాధ్యమైంది. మరి ఆరేళ్లకే, 1882 జనవరిలో, కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు వెలిశాయి. శతాబ్దానికి పైగా మానవ కంఠం రాగి తీగ వెంట ప్రయాణించింది. నేడు అదే కంఠం అంతర్జాలాన్ని తన బాటగా చేసుకొన్నది. ఈ మార్పు వల్ల ఎక్కువ ప్రయోజనం పొందదగినవారు చిన్న వ్యాపారులు. తెలియక అడుగు వేస్తే ఎక్కువ నష్టపోయేవారు కూడా వారే. కనుక దీని తీరుతెన్నులు తెలుసుకోవడం అవసరం.

ఒక రహదారి, వేయి దుకాణాలు

హైదరాబాదు తూర్పు దిక్కున, విజయవాడకు వెళ్లే జాతీయ రహదారి వెంట, మలక్‌పేట దాటగానే దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్.బి.నగర్ వరుసగా ఎదురవుతాయి. ఒకప్పుడు విడిగా పురపాలక సంఘాలుగా ఉన్న గడ్డిఅన్నారం, ఎల్.బి.నగర్ 2007లో మహానగర పాలక సంస్థలో విలీనమయ్యాయి. 2018 సెప్టెంబరులో ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు వచ్చింది. చీరల దుకాణాలు, కంప్యూటరు శిక్షణ సంస్థలు, పోటీ పరీక్షల కోచింగ్ కేంద్రాలు, హాస్టళ్లు, రక్తపరీక్షల కేంద్రాలు, ట్రావెల్స్ కార్యాలయాలు ఈ దారి పొడవునా కిక్కిరిసి ఉంటాయి. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం వైపుల నుంచి చదువుకోసం, ఉద్యోగంకోసం నగరానికి వచ్చే యువత మొదట అడుగుపెట్టేది ఈ ప్రాంతంలోనే.

ఇటువంటి చోట వ్యాపారం తరచు ఫోనుతోనే మొదలవుతుంది. ఊరిలో ఉన్న తండ్రి తన బిడ్డను ఏ కోచింగ్‌లో చేర్చాలా అని నాలుగు సంస్థలకు ఫోను చేస్తాడు. ఒకచోట లైను ఖాళీ ఉండదు. ఒకచోట గంట మోగుతూనే ఉంటుంది గాని ఎత్తేవారుండరు. మూడవచోట ఎవరో ఎత్తి ఓపికగా సమాధానం చెబుతారు. అతడు నాలుగవ సంస్థకు ఫోను చేయకపోవచ్చు. అందని పిలుపు పద్దు పుస్తకంలో ఎక్కడా కనిపించదు. అయినా అది నష్టమే. చిన్న సంస్థకు అటువంటి పది పిలుపులు ఒక నెల అద్దెతో సమానం కావచ్చు.

పాత పద్ధతి

పాత పద్ధతిలో ఒక్కొక్క లైనుకు ఒక్కొక్క జత రాగి తీగలు ఎక్స్ఛేంజీ నుంచి దుకాణం దాకా రావాలి. ఇద్దరు మాట్లాడుతున్నంతసేపూ ఆ మార్గం పూర్తిగా వారిదే. వారు మౌనంగా ఉన్నా మరొకరు దానిని వాడుకోలేరు. రెండు లైన్లున్న సంస్థకు మూడవ పిలుపు వస్తే అందదు. కార్యాలయంలోని నాలుగు గదులకు పిలుపులు పంచాలంటే గోడకు ఒక ఇంటర్‌కామ్ పెట్టె బిగించాలి. అది ఆ భవనానికే పరిమితం. దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రధాన కార్యాలయం, ఎల్.బి.నగర్‌లో శాఖ ఉన్న సంస్థలో, ఇక్కడికి వచ్చిన పిలుపును అక్కడికి మళ్లించడం సులభం కాదు. "ఆ నంబరుకు చేయండి" అని చెప్పి పెట్టేయడమే జరిగేది.

సెల్‌ఫోన్ల రాకతో ఈ చిక్కు కొంత తీరింది గాని మరొకటి వచ్చిపడింది. సంస్థ బోర్డు మీద గుమాస్తా సొంత నంబరు ఉంటుంది. అతడు ఉద్యోగం మానివేస్తే ఏళ్ల తరబడి కూడబెట్టిన పరిచయాలన్నీ ఆ నంబరుతోపాటు వెళ్లిపోతాయి.

మాట తునకలయ్యే తీరు

అంతర్జాలంలో మాటకోసం ప్రత్యేకంగా ఏ మార్గమూ కేటాయింపబడదు. సమాచారాన్ని చిన్న చిన్న పొట్లాలుగా కట్టి, ఒక్కొక్కదానిపై చిరునామా రాసి, అందరూ నడిచే దారిలోనే పంపడం దాని పద్ధతి. ఈ పొట్లాలనే ప్యాకెట్లు అంటారు. 1960 దశకంలో అమెరికాలో పాల్ బారన్, ఇంగ్లండులో డొనాల్డ్ డేవిస్ ఈ భావనను వేరువేరుగా రూపొందించారు. రాగి తీగ పద్ధతి ఒకరికోసం రోడ్డంతా ఖాళీ చేయించడం వంటిదైతే, ప్యాకెట్ల పద్ధతి అందరూ ఒకే రోడ్డుపై ఆటోలలో వెళ్లడం వంటిది.

మరి ఎడతెగని ధ్వనిని పొట్లాలుగా కట్టడం ఎట్లా? మనిషి మాట గాలిలో ఒక అల. ఫోనులోని మైకు దానిని విద్యుత్తరంగంగా మారుస్తుంది. యంత్రం ఆ తరంగపు ఎత్తును సెకనుకు 8,000 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ ఎనిమిది బిట్లలో అంకెగా రాసుకొంటుంది. అంటే ఒక సెకను మాట 64,000 బిట్లవుతుంది. 1972 నుంచి ప్రపంచమంతటా వాడుకలో ఉన్న ప్రమాణం ఇది. సెకనులో యాభయ్యో వంతు, అంటే 20 మిల్లీసెకన్ల మాటను ఒక ప్యాకెట్టుగా కడతారు. అందులో 160 బైట్ల ధ్వని ఉంటుంది. చిరునామాకు, వరుస సంఖ్యకు, కాల సూచికకు కలిపి మరి 40 బైట్లు చేరతాయి. ఒక రెప్పపాటులో ఇటువంటి తునకలు అయిదారైనా పయనమవుతాయి.

దారిలో ఈ తునకలన్నీ ఒకే వేగంతో రావు. వెనుక బయలుదేరినది ముందు చేరవచ్చు. ఒకటి రెండు దారి తప్పనూవచ్చు. అందుకే అవతలి యంత్రం వచ్చిన ప్యాకెట్లను క్షణకాలం నిలిపి, వరుస సంఖ్యల ప్రకారం సర్ది, ఆ తరువాతనే ధ్వనిగా మారుస్తుంది. ఉత్తరంలో ఒక పుట పోతే మళ్లీ తెప్పించుకోవచ్చు. మాటలో పోయిన తునకను తిరిగి తెప్పించుకొంటే, అది వచ్చేసరికి సంభాషణ ముందుకు సాగిపోయి ఉంటుంది. కాబట్టి పోయినదానిని వదిలివేసి, దాని ముందువెనుకల ధ్వనితో ఆ ఖాళీని పూరిస్తారు. వినేవాడు గుర్తించలేనంత చిన్న ఖాళీ అది. అటువంటివి వరుసగా పది పడితే మాత్రం మాట తెగిపోతుంది.

ఆలస్యానికీ ఒక హద్దున్నది. ఒకవైపు ప్రయాణానికి 150 మిల్లీసెకన్ల వరకు పట్టినా సంభాషణకు ఇబ్బంది ఉండదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంస్థ సూచించింది. అది 400 దాటితే ఒకరి మాటకు ఒకరు అడ్డుపడుతూ, మాట్లాడుకోవడమే కష్టమవుతుంది.

పిలుపు నడిచే దారి

ఒక ఉదాహరణతో దీనిని గ్రహించవచ్చు. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక శిక్షణ సంస్థ ఇంటర్నెట్ ఫోను విధానాన్ని పెట్టుకొన్నదనుకొందాం. ఉదయం కార్యాలయంలోని ఫోనుకు విద్యుత్తు అందగానే అది సర్వరుకు తన ఉనికిని తెలుపుతుంది. ఎల్.బి.నగర్ శాఖలోని ఫోనూ, ఇంటిదగ్గర ఉన్న నిర్వాహకుని సెల్‌ఫోనులోని యాప్ కూడా అట్లే నమోదవుతాయి. సర్వరు దృష్టిలో ఈ మూడూ ఒకే కార్యాలయంలోని మూడు బల్లలు. అవి ఏ వీధిలో ఉన్నాయన్నది దానికి పట్టదు.

సూర్యాపేట నుంచి ఒక తండ్రి సంస్థ నంబరుకు ఫోను చేశాడు. ఆ పిలుపు మామూలు టెలిఫోను వ్యవస్థ గుండా సేవాసంస్థను చేరుతుంది. అక్కడ గేట్‌వే అనే యంత్రం దానిని ప్యాకెట్లుగా మార్చి అంతర్జాలంలోకి పంపుతుంది. సర్వరు ముందుగా దిల్‌సుఖ్‌నగర్ ఫోనుకు ఆహ్వానం పంపింది. అక్కడివారు మరొకరితో మాట్లాడుతున్నారు. కొన్ని క్షణాలు చూసి ఎల్.బి.నగర్ ఫోనును మోగించింది. అక్కడివారు ఎత్తారు. పిలిచినవానికి ఈ మళ్లింపు ఏదీ తెలియదు. అతనికి తెలిసినదల్లా తన ఫోనుకు సమాధానం దొరికిందన్నదే. ఎవరూ ఎత్తకపోతే ఆ నంబరు, సమయం నమోదై ఉంటాయి. సాయంకాలం ఆ పట్టిక చూసి తిరిగి ఫోను చేయవచ్చు. పద్దులో కనిపించని నష్టం ఈ విధంగా కంటికి కనిపిస్తుంది.

ఆహ్వానం పంపడం, గంట మోగించడం, ముగించడం అనే మర్యాదలన్నింటికీ ఒక ఉమ్మడి నియమావళి ఉన్నది. దాని పేరు సెషన్ ఇనీషియేషన్ ప్రోటోకాల్. పొడి అక్షరాలలో సిప్ అంటారు. 1999లో ప్రమాణంగా వెలువడి, 2002లో సవరించబడింది. ఈ నియమావళి వల్లనే ఒక కంపెనీ ఫోను మరొక కంపెనీ సర్వరుతో పనిచేయగలుగుతున్నది.

ఎదిగిన క్రమం

ఈ విద్య ఒక్కరోజులో వచ్చినది కాదు. 1974లో అమెరికాలోని పరిశోధకులు ఆర్పానెట్ మీద మాటను ప్యాకెట్లుగా పంపి పరీక్షించారు. 1995లో ఇజ్రాయెల్‌కు చెందిన వోకల్‌టెక్ సంస్థ కంప్యూటర్ల మధ్య మాట్లాడుకొనే సాఫ్ట్‌వేరును అంగడిలోకి తెచ్చింది. మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ లిమిటెడ్ సామాన్యులకు ఇంటర్నెట్‌ను అందించినది కూడా 1995 ఆగస్టు 15వ తేదీననే. 2003లో వచ్చిన స్కైప్, సముద్రాల కావలనున్న పిల్లలతో తల్లిదండ్రులు మాట్లాడుకొనే సాధనంగా పేరొంది, 2025 మే నెలలో మూతపడింది.

చిన్న వ్యాపారికి దగ్గరైన ఘట్టం మరొకటి ఉన్నది. 1999లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో మార్క్ స్పెన్సర్ అనే విద్యార్థి ఒక చిన్న సేవాసంస్థను ప్రారంభించాడు. కార్యాలయానికి తగిన ఫోను ఎక్స్ఛేంజీ కొనాలంటే అతని శక్తికి మించిన ధర చెప్పారు. అతడు నిరాశపడక, మామూలు కంప్యూటరునే ఎక్స్ఛేంజీగా మార్చే సాఫ్ట్‌వేరును తానే రాసుకొన్నాడు. దానికి ఆస్టరిస్క్ అని పేరు పెట్టి, ఎవరైనా ఉచితంగా వాడుకొనేటట్లు విడుదల చేశాడు. గోడకు బిగించే పెట్టె చేసే పని ఆ విధంగా సాఫ్ట్‌వేరు చేతికి వచ్చింది. ఆ పైన సాఫ్ట్‌వేరు కూడా దుకాణంలో ఉండనక్కరలేకుండా, దూరాన ఉన్న సర్వర్లనే నెలవారీ అద్దెకు తీసుకొనే క్లౌడ్ పద్ధతి వచ్చింది. 2007లో హైదరాబాదులో మొదలైన ఓజోన్‌టెల్ వంటి సంస్థలు ఈ రంగంలో పనిచేస్తున్నాయి.

కావలసిన సరంజామా

దుకాణంలో కావలసినవి మూడే: బ్రాడ్‌బ్యాండ్ కనెక్షను, రూటరు, ఫోను. ఫోను ప్రత్యేకమైన ఐ.పి. ఫోను కావచ్చు, సెల్‌ఫోనులోని యాప్ కావచ్చు. పాత ఫోనునే ఉంచుకోదలచినవారికి అడాప్టరు అనే చిన్న పెట్టె సరిపోతుంది.

ఇంటర్నెట్ ఎంత వేగంగా ఉండాలి? పైన చెప్పిన లెక్క ప్రకారం ఒక ప్యాకెట్టు 200 బైట్లు. సెకనుకు యాభై ప్యాకెట్లు. అంటే 10,000 బైట్లు, లేదా 80 కిలోబిట్లు. ఏకకాలంలో ఐదుగురు మాట్లాడినా ఒక్కొక్క దిశలో 400 కిలోబిట్లే. మరికొన్ని అదనపు బైట్లు చేరినా అర మెగాబిట్టుకు మించదు. నేటి సాధారణ కనెక్షనుకు ఇది బరువు కాదు. కనుక మాట తెగితే లోపం తరచు వేగంలో ఉండదు, పంపకంలో ఉంటుంది. సి.సి. కెమెరాల దృశ్యాలు, పాఠాల వీడియోలు అదే దారిలో పోటీపడి వెళుతుంటే మాటల ప్యాకెట్లు వెనుకబడతాయి. రద్దీలో అంబులెన్సుకు దారి ఇచ్చినట్లు, మాటకు ముందుగా దారి ఇచ్చేటట్లు రూటరును అమర్చుకోవాలి.

తీగ తెగితే

ఈ పద్ధతికి కొన్ని బలహీనతలు లేకపోలేదు. పాత రాగి తీగ ఫోనుకు కావలసిన విద్యుత్తు ఎక్స్ఛేంజీలోని బ్యాటరీల నుంచే వచ్చేది. ఊరంతా చీకటైనా ఫోను పలికేది. ఇంటర్నెట్ ఫోను అట్లా కాదు. కరెంటు పోతే రూటరు ఆగుతుంది, దానితోపాటు ఫోనూ మూగబోతుంది. కాబట్టి రూటరుకు చిన్న యు.పి.ఎస్. తప్పనిసరి. ఇంటర్నెట్ ఆగినప్పుడు పిలుపులు సెల్‌ఫోనుకు వాటంతటవే మళ్లే ఏర్పాటు కూడా ముందే చేసుకోవాలి.

నగరంలో ఇంటర్నెట్ తీగలు ఎక్కువగా విద్యుత్ స్తంభాలనే ఆసరా చేసుకొన్నాయి. 2025 ఆగస్టులో తూర్పు హైదరాబాదులోని రామంతపూర్‌లో శ్రీకృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్తు సోకి ఐదుగురు మరణించారు. ఆ విషాదం తరువాత స్తంభాలపై చిక్కుపడి వేలాడుతున్న కేబుళ్లను విద్యుత్ సిబ్బంది ముమ్మరంగా తొలగించారు. అనేక వాడలలో ఇంటర్నెట్ ఆగిపోయింది. ప్రాణరక్షణకు తీగల తొలగింపు అవసరమే. అయితే తన ఫోను మొత్తం ఒకే తీగకు వేలాడుతున్నదన్న సంగతి చిన్న వ్యాపారి గమనించవలసినది అప్పుడు కాదు, కనెక్షను తీసుకొనే రోజున. అత్యవసర సమయంలో 112కు ఫోను చేయడానికి మామూలు సెల్‌ఫోనునే నమ్ముకోవడం మేలు. ఇంటర్నెట్ ఫోను ఎక్కడ ఉన్నదో వ్యవస్థకు ఎల్లప్పుడూ సరిగా తెలియకపోవచ్చు.

చట్టం, జాగ్రత్త

మన దేశంలో 2002 ఏప్రిల్ 1 నుంచి ఇంటర్నెట్ టెలిఫోనీకి అనుమతి లభించింది. అయితే కంప్యూటరు నుంచి దేశంలోని మామూలు ఫోనుకు మాట్లాడడానికి అప్పట్లో వీలు లేదు. 2018 జూన్‌లో కేంద్ర టెలికాం శాఖ నిబంధనలను స్పష్టపరచడంతో, లైసెన్సు పొందిన టెలిఫోన్ సంస్థలు ఇంటర్నెట్ ద్వారా నంబర్లు ఇవ్వడానికి దారి ఏర్పడింది. ఆ ఏడాదే బి.ఎస్.ఎన్.ఎల్. 'వింగ్స్' అనే సేవను ప్రకటించింది.

చవకగా వస్తుందని లైసెన్సు లేనివారి దగ్గర సేవ తీసుకోరాదు. గుట్టలుగా సిమ్ కార్డులు పెట్టి, ఇంటర్నెట్‌లో వచ్చిన విదేశీ పిలుపులను స్థానిక పిలుపులుగా మార్చే అక్రమ ఎక్స్ఛేంజీలు నేరం. వాటి వల్ల ప్రభుత్వానికి రాబడి పోవడమే కాక, ఎవరు ఎవరికి ఫోను చేశారో కనుగొనడం అసాధ్యమై దేశభద్రతకు ముప్పు కలుగుతుంది.

దొంగలు తలుపు పగులగొట్టి రానక్కరలేని కాలమిది. సర్వరు పాస్‌వర్డు కంపెనీ ఇచ్చినట్లే మార్చకుండా ఉంచితే, ఎక్కడో కూర్చున్న మోసగాడు రాత్రివేళ దానిలోకి ప్రవేశించి, ఖరీదైన విదేశీ నంబర్లకు ఫోన్లు చేసి, తెల్లవారేసరికి వేల రూపాయల బిల్లు మిగల్చగలడు. పాస్‌వర్డు మార్చడం, అవసరం లేని విదేశీ పిలుపులను నిలిపివేయడం, రోజువారీ ఖర్చుకు హద్దు పెట్టడం అనే మూడు పనులు ఈ ప్రమాదాన్ని చాలావరకు తప్పిస్తాయి. సంభాషణలను రికార్డు చేసేటప్పుడు ఆ సంగతి అవతలివారికి ముందుగా చెప్పడం న్యాయం. వ్యక్తుల సమాచారాన్ని కాపాడే బాధ్యతను 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా గుర్తుచేస్తున్నది.

అన్నింటికంటె ముందు అడగవలసిన ప్రశ్న ఒకటున్నది: నంబరు ఎవరి పేర నమోదవుతుంది? బోర్డు మీద, రసీదు మీద, జనం నాలుక మీద నిలిచిన నంబరు వ్యాపారికి ఆస్తి వంటిది. సేవాసంస్థతో ఒప్పందం ముగిసిన నాడు ఆ నంబరు ఏమవుతుందో కాగితం మీద రాయించుకోవాలి.

యంత్రం పలికే భాష

ఈ విధానంలో మొదట పలికేది తరచు యంత్రమే. "ప్రవేశాల వివరాలకు ఒకటి, ఫీజు వివరాలకు రెండు నొక్కండి" అని అది చెబుతుంది. ఇక్కడ భాషకు పని పడుతుంది. ఇంగ్లీషులో గుక్కతిప్పుకోకుండా ఏడెనిమిది ఎంపికలు వినిపిస్తే, పొలం గట్టున నిలబడి ఫోను చేస్తున్న రైతు ఏది నొక్కాలో తెలియక పెట్టేస్తాడు. సంస్థకు ఒక పిలుపు పోతుంది. ఆ ఇంటి బిడ్డకు ఒక అవకాశం పోతుంది. కనుక మొదటి పలుకు తెలుగులో ఉండాలి. వాక్యాలు పొట్టిగా, ఎంపికలు మూడు నాలుగుకు మించకుండా ఉండాలి. ఏమీ నొక్కకుండా ఆగినవానిని తనంతట తానే ఒక మనిషికి కలిపే ఏర్పాటు ఉండాలి.

నేటి విద్యార్థులలో రేపు ఇటువంటి దుకాణాలు పెట్టేవారుంటారు, వాటిలో ఉద్యోగాలు చేసేవారుంటారు, వాటికి ఈ ఏర్పాట్లు అమర్చి ఇచ్చే సాంకేతిక నిపుణులూ ఉంటారు. వారు గ్రహించవలసినది ఇంతే: మాటను తునకలు చేసి క్షణంలో చేరవేయడం యంత్రం నేర్చుకొన్నది. అవతలివాడు ఏమి అడుగుతున్నాడో ఓపికతో విని, అతనికి అర్థమయ్యే మాటలలో బదులు చెప్పడం మాత్రం ఫోను ఎత్తిన మనిషి చేయవలసిన పనిగానే మిగిలి ఉన్నది.